జైలు నుంచి వచ్చాక మా ఆయన మామూలు మనిషి కావట్లేదు, ఏం చేయాలి?

కుట్టుమిషన్_కుషాయిగూడ:

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లను అడిగే ధైర్యం లేక ఇక్కడ అడుగుతున్నా, పెద్ద పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి.

మా ఆయన సంక్రాంతి తర్వాత చర్లపల్లి జైలు నుంచి విడుదలయ్యాడు. మాది సూర్యాపేట జిల్లా. పొలం గట్టు దగ్గర పాలివాళ్లతో గొడవ, కర్రలతో కొట్టుకున్నారు, వాళ్లలో ఒకతను హాస్పిటల్లో చనిపోయాడు. మొదట 302, అంటే హత్య కేసు పెట్టారు, కోర్టులో 304 పార్ట్ టూ, అంటే చంపాలన్న ఉద్దేశం లేకుండా ప్రాణం పోయిన కేసు కింద 2019లో ఏడేళ్లు పడింది. రెమిషన్లు (శిక్షలో తగ్గించే రోజులు) పోను ఇప్పుడు బయటికొచ్చాడు. ములాఖత్‌కి దగ్గరని నేను పాపను తీసుకుని అప్పుడే కుషాయిగూడ వచ్చేశా. బ్లౌజులు, పీకో, ఫాల్స్ కుట్టుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చా.

వస్తే చాలు అనుకున్నా. వచ్చాడు గానీ ఇంట్లో ఉన్నట్టే లేడు. తెల్లారకముందే లేచి దుప్పటి నలుచదరంగా మడతపెట్టి దాని పక్కనే కూర్చుంటాడు. సాయంత్రం ఐదింటికల్లా అన్నం అంటాడు. చీకటి పడేసరికి గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటే తిరగడం. లైటు తీస్తే ఆయనకు నిద్ర పట్టదు, వేస్తే మాకు పట్టదు, ఉన్నది ఒకటే గది. బాత్రూంకి వెళ్లాలన్నా నా వైపు చూసి "వెళ్లనా" అంటాడు. చూస్తే ఏడుపొస్తుంది, ఒక్కోసారి కోపం కూడా వస్తుంది.

ఒకరోజు పాత దోస్తులు వచ్చి తీసుకెళ్లి బాగా తాగించి పంపారు. అప్పటి నుంచి ఫోన్ నా దగ్గరే పెట్టుకున్నా, డబ్బులు చేతికివ్వట్లేదు, ఎక్కడికెళ్లినా పాపనో మా అమ్మనో తోడు పంపిస్తున్నా.

ముందు డీసీఎం సరుకు వ్యాను నడిపేవాడు, లైసెన్స్ ఎప్పుడో అయిపోయింది. మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు వీసా పంపిస్తా అంటున్నాడు, మా అత్తమ్మ ఊరికొచ్చి ఉన్న రెండెకరాలు చేసుకోండి అంటుంది. ఇంకొకటి, పాపకు ఇన్నాళ్లూ నాన్న దుబాయ్‌లో ఉన్నాడని చెప్పా. ఇప్పుడు ఏడో తరగతి. ఏమీ అడగట్లేదు, అదే భయంగా ఉంది.

వరంగల్_మేస్త్రీ:

చెల్లె, నేనూ లోపలుండి వచ్చినోణ్ణే. మొదట వరంగల్ సెంట్రల్ జైలు, 2021లో అది కూల్చి ఆస్పత్రి కడతామని మమ్మల్ని వేరే జైళ్లకు పంపినప్పుడు చర్లపల్లి. నువ్వు రాసినవన్నీ నాకు కొత్తేం కాదు.

బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వెలుతురులో పడుకున్నవాడికి చీకటంటే నిద్ర కాదు, భయం. జీరో బల్బు ఒకటి తెచ్చి ఆయన తల దగ్గర పెట్టు, మీ వైపు చీర అడ్డం కట్టు. అన్నం లాకప్ కంటే ముందే పెట్టేస్తారు కాబట్టి ఐదింటికి ఆకలవుతుంది, అది కడుపు గుర్తుపెట్టుకున్న టైము, పెట్టు, మెల్లగా అదే వెనక్కి జరుగుతుంది. చీకటి పడేటప్పుడు తిరుగుతున్నాడంటే అది గిన్తీ టైము, లెక్కపెట్టి లోపలేసి తాళం వేసే టైము. ఆ గంట ఆయన్ను ఇంట్లో ఉంచకు. కూరగాయలకో, పాలకో, ఊరికే రోడ్డు మీదికో పంపు. నాకు ఆ గంట గడవడానికి చాలా కాలం పట్టింది, గుడి అరుగు మీద కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు కోపం తెచ్చుకోకుండా చదువు. ఫోన్ నీ దగ్గర, డబ్బు నీ దగ్గర, బయటికెళ్తే తోడు, లేటైతే ఎక్కడున్నావని అడగడం. లోపల వార్డర్ చేసేది కూడా ఇదే చెల్లె. బాత్రూంకి అడిగి వెళ్తున్నాడని ఏడుస్తున్నావు, అడగకుండా చేసే పని ఒక్కటైనా ఆయనకు మిగిల్చావా? లోపల ఏ కూర తినాలో, ఎప్పుడు లేవాలో, ఎవరి పక్కన పడుకోవాలో ఏదీ మన చేతిలో ఉండదు. కొన్నాళ్లకు తేల్చుకోవడం అన్నదే మర్చిపోతాం. రెండొందలు చేతిలో పెట్టి మార్కెట్‌కి పంపు, ఏం తేవాలో చెప్పకు. మొదటిసారి ఖాళీ సంచితో వచ్చినా వస్తాడు. నేను విడుదలయ్యాక టీ బండి దగ్గర నోటిస్తే చిల్లర లేదు స్కాన్ కొట్టన్నాడు, ఏం కొట్టాలో తెలియక టీ తాగకుండానే వెళ్లిపోయా. ఫోన్ ఆయన చేతికివ్వు, పాపతోనే నేర్పించు.

తాగుడు భయం నిజమే, కాదనను. ఆ దోస్తులను ఆపాల్సింది మాత్రం ఆయన, నువ్వు కాదు. ఊరికే కూర్చుంటే మళ్లీ వాళ్లే గతి. జైళ్ల శాఖ పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు కూడా పని ఇస్తారు, చంచల్‌గూడ బంకు అందరికీ తెలిసిందే. ఆయన ఉండి వచ్చిన జైలు ఆఫీసులోనే అడగమను. నేను కొన్నాళ్లు చేశా. జీతం గొప్పగా ఉండదు, ఎండకు నిలబడాలి, కానీ పక్కన పనిచేసేవాడికి మన సంగతి ముందే తెలుసు, దాచుకునే టెన్షన్ లేదు. తర్వాత సెంట్రింగ్ పనికి మారా.

ముక్కుసూటి:

అందరూ భలే సలహాలిస్తున్నారు. ఒక మనిషి ప్రాణం పోయింది ఇక్కడ. ఆయనకు చీకట్లో నిద్ర పట్టట్లేదట, జీరో బల్బులట. చచ్చినోడి పెళ్లానికి నిద్ర పడుతోందా అని ఒక్కరైనా అడిగారా? ఏడేళ్లకే ఇంటికి రావడం ఏంటి అసలు.

నల్లకోటు:

ముక్కుసూటి గారూ, ఎన్నేళ్లన్నది కోర్టు తేల్చింది, దాన్ని ఆయన అనుభవించాడు. శిక్ష అయిపోయాక కూడా ఇంట్లో కూర్చోబెట్టాలని ఏ చట్టంలోనూ లేదు. మీరు అడిగిన రెండో మాట మాత్రం సరైనదే. చనిపోయినతని భార్య పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు, పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 357ఏ సెక్షన్ అని దానికోసమే ఉంది. చాలా ఊళ్లలో ఈ మాట వాళ్లకు చెప్పే దిక్కే ఉండదు.

ఇక అమ్మా, మీ విషయం. మిగతావన్నీ తర్వాత, ముందు ఆయన పేరు మీద ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఆయన పాత సిమ్ ఈపాటికి వేరేవాళ్లకు వెళ్లిపోయుంటుంది. ఆధార్‌కి ఆ పాత నంబరే లింకై ఉంటే ఏ ఓటీపీ రాదు, బ్యాంకు, పాన్, లైసెన్స్ అన్నీ అక్కడే ఆగిపోతాయి. కొత్త సిమ్ తీసుకుని ఆధార్ సెంటర్‌కి ఆయన్నే పంపండి, వేలిముద్రతో నంబరు మారుస్తారు. తర్వాత పాన్. ఆధార్‌తో లింకు చేసుకోవడానికి గడువు 2023 జూన్‌తో ముగిసింది, అప్పుడు ఆయన లోపల ఉన్నాడు కాబట్టి పాన్ పనిచేయకుండా పోయుంటుంది. వెయ్యి రూపాయలు కట్టి లింకు చేస్తే మళ్లీ పనిచేస్తుంది. లోపలున్నాడు కదా మినహాయింపు ఇవ్వరా అని నన్ను చాలామంది అడుగుతారు, నేను ఇంతవరకు చూడలేదు, కట్టేయండి. బ్యాంకు ఖాతా రెండేళ్లు వాడకపోతే నిలిపేస్తారు, కేవైసీ కాగితాలిస్తే తెరుస్తారు, దానికి ఛార్జీ తీసుకోకూడదు. పట్టా ఆయన పేరు మీదుంటే రైతు భరోసా కూడా ఆ ఖాతాకే రావాలి కాబట్టి ఇది ఆలస్యం చేయకండి. ఓటు జైల్లో ఉన్నంతకాలమే ఉండదు, ఇప్పుడు ఉంది, జాబితాలో పేరు తీసేసి ఉంటే మళ్లీ చేర్చమని ఫారం 6 పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యంగా ఒకటి అడగాలి, హైకోర్టులో అప్పీలు వేశారా? వేస్తే ఏమైంది? శిక్ష పూర్తయితే అప్పీలు దానంతటదే పోదు. మన దగ్గర శిక్ష మొత్తం అనుభవించి ఇంటికొచ్చాక కూడా అప్పీలు విచారణకు రాని కేసులు బోలెడు. అందులో శిక్ష కొట్టేస్తే ఆ మచ్చే పోతుంది, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి అన్నిటికీ పనికొస్తుంది. "అయిపోయింది కదా ఇంకెందుకు" అని వకీలుకి ఫోన్ చేయడం మానేస్తారు చాలామంది.

మస్కట్ మాట. పాస్‌పోర్టు చట్టంలో దరఖాస్తుకు ముందు ఐదేళ్లలోపు రెండేళ్లకు తగ్గని శిక్ష పడితే, అదీ నైతిక పతనం కిందికి వచ్చే నేరమైతే, ఇవ్వకుండా ఆపొచ్చని ఉంది. మీది 2019 కాబట్టి ఆ గడువు దాటింది. ఇంకే కేసూ నడుస్తూ ఉండకూడదు, అది చూసుకోండి. దరఖాస్తులో మాత్రం ఏదీ దాచొద్దు. "మేం మేనేజ్ చేస్తాం" అనే ఏజెంటు దొరుకుతాడు, డబ్బులు వాడికి, కేసు మీకు. ఉద్యోగం ఫారాల్లోనూ అంతే, 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, అడిగినదానికి నిజమే రాయాలి, రాశాక ఆ కేసు ఎలాంటిదో చూసి తీసుకోవాలో వద్దో యజమాని తేల్చుకోవాలి. అడగనిది మనంతట మనం రాయక్కర్లేదు.

స్టేషన్ నుంచి పిలుపొస్తే ఒక్కణ్ణే పంపకండి, ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. రౌడీషీట్ అని ఎవరైనా బెదిరిస్తే, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ 601 అలవాటుగా నేరాలు చేసేవాళ్ల కోసం, ఒక్క కేసు ఉందని తెరవడాన్ని హైకోర్టు తప్పుపట్టిన తీర్పులున్నాయి. వకీలుకి డబ్బుల్లేకపోతే న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా సాయం చేస్తారు, కాబట్టి మీ పేరు మీద మీరే అడగొచ్చు.

ట్రాలీ_ఓనర్_ఉప్పల్:

లైసెన్స్ గురించి నేను చెప్తా, నా రోజంతా దాంతోనే. కార్డు తీసి చూడండి, ఎన్‌టీ (నాన్ ట్రాన్స్‌పోర్ట్, సొంత బండ్లకు) అని ఒక తేదీ, టీఆర్ (ట్రాన్స్‌పోర్ట్, కిరాయి బండ్లకు) అని ఒక తేదీ ఉంటాయి. అయిపోయింది టీఆర్ అయ్యుంటుంది. పాత కార్డుల్లో ఎన్‌టీకి ఇరవై ఏళ్ల దాకా ఇచ్చేవాళ్లు, అది ఇంకా బతికే ఉండొచ్చు. ఉంటే రేపే బండెక్కొచ్చు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది, ఎల్ఎంవీ (తేలికపాటి బండి) లైసెన్స్ ఉన్నవాడు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని. టాటా ఏస్, ట్రాలీ ఆటో అన్నీ అందులోకే వస్తాయి. డీసీఎంలో పెద్దవి మాత్రం రావు, వాటికి టీఆర్ కావాలి, గడువు దాటి ఏడాది పైనైంది కాబట్టి మళ్లీ టెస్ట్ ఇవ్వాలి, డాక్టర్ దగ్గర ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్ తీసుకోవాలి. నాగోల్ ట్రాక్ మీద రివర్స్ దగ్గరే పాత డ్రైవర్లు కూడా ఫెయిలవుతారు, తెలిసిన పనే కదా అని పోతారు కాబట్టి. ఆరేళ్లు స్టీరింగ్ పట్టుకోనివాణ్ణి నేనైతే మొదటి వారం క్లీనర్ సీట్లో కూర్చోబెడతా. ఊరు మొత్తం మారిపోయింది, ఫ్లైఓవర్లు చూసే సగం మంది తికమకపడుతున్నారు.

నా దగ్గర ఒకతను చేస్తున్నాడు ఇలాగే వచ్చినవాడు. మొదటిరోజే చెప్పాడు, అన్నా నాది ఫలానా కేసు, వేరేవాళ్లు చెప్పేలోపు నేనే చెప్తున్నా అని. నాకదే నచ్చింది. లాయర్ గారు అడగనిది చెప్పక్కర్లేదు అన్నారు, ఫారాలకు సరే, ఓనర్‌కి మాత్రం చెప్పేయాలి అంటా నేను. హమాలీలకు, తోటి డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. రెండు నెలలకో, ఆర్నెల్లకో ఎలాగూ బయటపడుతుంది, ఆరోజు ఓనర్ నోటి నుంచి "నాకు తెలుసులే" అని వస్తే ఉద్యోగం నిలబడుతుంది. యాప్ కంపెనీల్లో మాత్రం వెరిఫికేషన్ దగ్గర చాలామందికి ఆగిపోతోంది, దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

ఏఎన్ఎం_అక్క:

ఎవరూ ఒంటి గురించి అడగలేదు. ఇరుకు బ్యారక్‌ల వల్ల జైళ్లలో టీబీ బయటికంటే చాలా ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా బస్తీ దవాఖానాలో తెమడ పరీక్ష అడగండి. పరీక్ష, మందులు రెండూ ఉచితమే. ఉన్నట్టు తేలితే మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి, తిండికని నెలకు వెయ్యి ఖాతాలో పడుతుంది (ఇందుకైనా ఆ బ్యాంకు ఖాతా తెరిపించండి). ఏమీ లేకపోయినా ఒకసారి బీపీ, షుగర్ చూపించండి, పళ్లు కూడా. లోపల వాడిన మందులేవైనా ఉంటే చీటీ దొరుకుతుందేమో అడగండి, బయటికి రాగానే మాత్రలు ఆపేసేవాళ్లే ఎక్కువ.

నిద్ర, తిరుగుడు కొన్ని వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే, లేదా నేనుండి ఏం లాభం లాంటి మాట నోట్లోంచి వస్తే ఆగకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా తీస్తారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో ఓపీ ఉంది, పిచ్చాసుపత్రి అని పేరు పెట్టి భయపడకండి, తాగుడు మానడానికి వచ్చేవాళ్లు కూడా అక్కడికే వస్తారు. మీకు ఏడుపు, కోపం వస్తోందన్నారు, ఆ నంబరుకి మీరూ చేయొచ్చు.

పాప సంగతి. దుబాయ్ నుంచి వచ్చిన నాన్న పెట్టె లేకుండా, చాక్లెట్ లేకుండా, ఎయిర్‌పోర్టుకి ఎవరూ వెళ్లకుండా ఇంటికొస్తే ఏడో తరగతి పిల్లకు అర్థం కాదా? దానికి తెలుసు, మీరు బాధపడతారని అడగట్లేదు. ఏ పెళ్లిలోనో చుట్టాల పిల్లలు అనకముందే చెప్పండి. మీరు కాదు, ఆయన చెప్పాలి. గొడవ జరిగింది, ఒకాయన చనిపోయాడు, నాకు శిక్ష పడింది, అయిపోయింది, ఈ నాలుగు ముక్కలు చాలు. తప్పంతా అవతలివాళ్లదే అని మాత్రం చెప్పించకండి, రేపు ఊరెళ్తే ఆ ఇంటి పిల్లలు దీనికి వరసకు అన్నలో తమ్ముళ్లో అవుతారు కదా.

వరంగల్_మేస్త్రీ:

ఊరి విషయంలో ముక్కుసూటి అన్న మాట ఒకటి నాకు తగిలింది, ఆయన అడిగిన తీరు బాగోలేదు గానీ. పాలివాళ్లంటే పొలం పక్కపక్కనే ఉంటుంది, గట్టు కూడా అదే. చనిపోయినతని భార్య రోజూ బోరు దగ్గరికి వచ్చినప్పుడల్లా మీ ఆయన్ను చూడాలి. మీ హక్కు మీకుంది, కాదని కాదు. కానీ ఆమె కొడుకులు ఇప్పుడు ఏ వయసులో ఉన్నారో ఆలోచించండి. మా వైపు ఒకతను ఇలాగే వెళ్లాడు, రెండో పంటకే మళ్లీ గొడవ, మళ్లీ స్టేషన్. ఈ రెండేళ్లు పొలం కౌలుకివ్వండి, ఆ గట్టు వైపు వాళ్లతో పేచీ లేనివాడికి. పండగలకు మీ అత్తమ్మనే హైదరాబాద్ రమ్మనండి. ఎప్పుడైనా పోవాల్సి వస్తే ముందు ఊళ్లో ఇద్దరికీ కావాల్సిన పెద్దమనిషితో వాళ్లింటికి కబురు పెట్టి పోండి, చెప్పకుండా బస్సు దిగితే రెచ్చగొట్టడానికే వచ్చాడంటారు.

ముక్కుసూటి:

సరే, ఇది ఒప్పుకుంటా. ఆ పరిహారం సంగతి కూడా ఎవరైనా వాళ్లకు చెవిన వేయండి.

కుట్టుమిషన్_కుషాయిగూడ:

అందరికీ చేతులెత్తి దండం. మేస్త్రీ అన్నా, వార్డర్ అన్నప్పుడు కోపం వచ్చింది, రెండ్రోజులు ఇటువైపు రాలేదు. తర్వాత ఫోన్ ఇచ్చేశా, డబ్బులిచ్చి మార్కెట్‌కి పంపా. రెండు కిలోల దొండకాయలు తెచ్చాడు, ఇంకేమీ తేలేదు. మా ఇంట్లో దొండకాయ ఆయనొక్కడే తింటాడు. వారమంతా అదే వండా.

కార్డు మీద ఎన్‌టీ 2031 దాకా ఉంది, ట్రాలీ అన్నా, ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ. సిమ్, ఆధార్ అయ్యాయి, పాన్‌కి కట్టాం. దగ్గేమీ లేదు, బీపీ మాత్రం ఎక్కువుందని మాత్రలిచ్చారు. పాపకు ఇంకా చెప్పలేదు, ఈ ఆదివారం చెప్తా అన్నాడు, పోయిన ఆదివారం కూడా అదే అన్నాడు. ఊరు ఇప్పుడు వద్దని అత్తమ్మకు చెప్పాం, ఆమె అలిగింది. పరిహారం మాట ఊళ్లో మా మేనమామతో వాళ్లకు చెప్పించా, మేం చెప్పించామని మాత్రం చెప్పొద్దన్నా.

లాయర్ గారూ, అప్పీలు వేశారు, 2019లోనే. పాత వకీలు ఫోన్ ఎత్తట్లేదు, ఫైలు ఆయన దగ్గరే ఉంది. వేరే వకీలును పెట్టుకోవాలంటే ఆయన ఒప్పుకోవాలా?

నల్లకోటు:

కేసు మీది, వకీలును మార్చుకునే హక్కూ మీదే. మామూలుగా పాత వకీలు దగ్గర నో అబ్జెక్షన్ రాయించుకుంటారు, ఆయన ఇవ్వకపోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు, ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకోవడానికి వీల్లేదు. ముందు ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ ఆయన పేరుతో అప్పీలు నంబరు వెతకండి, పెండింగా కొట్టేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. పెండింగ్ అని ఉంటే హైకోర్టు ఆవరణలోనే లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంది, జిల్లా ఆఫీసుకి కాదు, అక్కడికే వెళ్లండి. కింది కోర్టు తీర్పు కాపీ, జైలు వాళ్లిచ్చిన విడుదల కాగితం, ఆధార్ తీసుకెళ్లండి. తీర్పు కాపీ లేకపోతే సర్టిఫైడ్ కాపీకి కింది కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి సమయం పడుతుంది, ఈ వారమే పెట్టేయండి.